కత్తెర గుర్తు మాటలు

అన్నకు గుండెలో స్టెంటు వేశారని తెలిసి మొన్న వానాకాలం మొదట్లో కిష్టారెడ్డిపేట వెళ్లాను. అక్కడ మా అన్న మల్లేశం కొడుకుకు మూడో అంతస్తులో ఫ్లాటు ఉంది. సంగారెడ్డిలో బస్సెక్కి పటాన్‌చెరులో దిగి, ఆటో మాట్లాడుకుని చేరేసరికి పదకొండు దాటింది. అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆసుపత్రి నుంచి వచ్చి వారమే అయినా మనిషి గట్టిగానే ఉన్నాడు. సోఫాలో ఒక కాలు మడిచి కూర్చుని, కోడలు గిన్నెలో పోసిచ్చిన వేయించిన గింజలేవో చెంచాతో తింటున్నాడు. అతనికి ఎడమ చెవి వినపడదు. అందుకని నేను ఎప్పటిలాగే కుడి పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అన్న మనవరాలు సింధు ఏడో తరగతి చదువుతోంది. ఆదివారం కనుక ఇంట్లోనే ఉంది. నేల మీద బోర్లా పడుకుని ఫోనులో మాటల ఆట ఆడుతోంది. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు ఇస్తారట, వాటితో మాట కూర్చాలట. అందరికీ తెలిసిన అక్షరాలకు తక్కువ పాయింట్లు, ఎక్స్ వంటి అరుదైన వాటికి ఎక్కువ. "చిన్నతాతా, నాకు ఎక్స్ వచ్చింది. దాంతోని చిన్న చిన్న మాటలు జెప్పవా, ఒక్కటి గూడ యాదికొస్తలేదు" అంది. ఆ పిల్ల ఆ మాట అనడమే ఆలస్యం, నా నోటి నుంచి ఆగకుండా వచ్చేశాయి. ఆక్స్ అంటే ఎద్దు, యాక్స్ అంటే గొడ్డలి, బాక్స్ అంటే పెట్టె, ఫాక్స్ అంటే నక్క, సిక్స్ అంటే ఆరు, మిక్స్ అంటే కలుపుడు, ఫిక్స్ అంటే బిగించుడు, వ్యాక్స్ అంటే మైనం, ట్యాక్స్ అంటే పన్ను, పాక్స్ అంటే అమ్మవారు, ఎగ్జిట్ అంటే బయటికి తొవ్వ. బడి పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు, అదే వరుస, అదే రాగం. యాభై ఏళ్లు దాటినా ఒక్కటి అటుదిటు కాలేదు.

సింధు లేచి కూర్చుంది. "అబ్బో! గిన్ని ఎట్ల తెలుసు నీకు?" అన్న నవ్వాడు. "దెబ్బలతోని వచ్చినయి బిడ్డా. తిన్నది నేను, నేర్సుకున్నది ఆయన" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ వరుసలో ఒక మాటను నేను దాటేశానని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ మాట దగ్గరికి రాగానే నా నాలుక దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. ఆ మాట గురించి అన్నకు నేను చెప్పిన అబద్ధం ఒకటి ఉంది. దాని వల్ల అతని చెవి పోయింది, అంతకంటే ఎక్కువగా, అతనికి తండ్రి లేకుండా పోయాడు. నా జ్ఞాపకాల పుస్తకంలో ఈ అధ్యాయం అది రాయడానికే.

మా ఊరు పాశమైలారానికి ఇవతల. ఇప్పుడు అక్కడ ప్రహరీలు, పొగగొట్టాలు, బిహారు ఒడిశా పిల్లల కిరాయి గదులు తప్ప ఊరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అప్పుడు జొన్న చేన్లు, అవిసె మళ్లు, మధ్యలో మా బావి ఉండేవి. మా ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించే చప్పుడు చెర్నాకోలది. మా నాయిన ఎల్లయ్య ఎడ్లను కొట్టంలోంచి బయటికి తెచ్చేటప్పుడు గాలిలో ఒకసారి దాన్ని ఝళిపించేవాడు. అది తగలని రోజు ఎడ్లకు అదృష్టం. ఆ తర్వాత పెంకులు వేడెక్కే వాసన, పిడకల పొగ, అంబలి పొంగు వాసన. నాయినకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. చెంబు సరైన చోట లేకపోతే ఆ చెంబే వచ్చి తగిలేది. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ కనుబొమ్మ మీద గీత అట్లా వచ్చిందే. నాయిన అన్నను కొట్టేవాడు. అన్న ఆ కసినంతా తీసుకొచ్చి నా మీద పెట్టేవాడు. నేను ఎవరినీ కొట్టలేని వాడిని కనుక వెళ్లి దూడను కొట్టేవాడిని. అది కట్టుతాడు దాకా పరుగెత్తి, మెడ మెలిపడి, మళ్లీ నా దగ్గరికే వచ్చేది. ఈ వరుసలో ఎవరికీ వింత అనిపించేది కాదు. పక్కిళ్లలోనూ ఇంతే.

అట్లాంటి రోజుల్లో సర్వే వాళ్లు వచ్చారు. గొలుసులు పట్టుకుని చేన్లలో నడిచి, గట్ల మీది రాళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేసుకుంటూ పోయారు. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకున్నట్టుండే గుర్తు. నాయిన దాన్ని కత్తెర గుర్తు అన్నాడు. ఆ గుర్తు పడిన రాయి ఇవతలి భూమి ఫ్యాక్టరీకి పోతుంది. మొదటి వారం ఊళ్లో వాళ్లు రాత్రికి రాత్రే రాళ్లు పీకేశారు. రెండో వారం సర్వే వాళ్లు పోలీసులతో వచ్చారు. మా పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, పెద్దాయన ఒకరు రాయి మీద కూర్చుని లేవనన్నాడు. లాఠీతో మోకాలి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నేను బడికి పోతూ విన్నాను, ఎండు కట్టె విరిచినట్టే ఉంది. ఆ తర్వాత ఎవరూ రాళ్లు పీకలేదు. నాయిన ఆ రోజు ఇంటికొచ్చాడు. కొట్టంలోకి పోయి, ఏ తప్పూ చేయని, కుడివైపు కట్టే వలపటెద్దును చెర్నాకోల తెగేదాకా కొట్టాడు.

భూమి పోయిన ఇంటికొక కొలువు ఇస్తామన్నారు. అయితే ఫ్యాక్టరీ ఆఫీసరు నాయినతో ఒక మాట చెప్పాడట. డ్రమ్ముల మీద, పీపాల మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది, ఆ చిన్న మాటలు చదివి అర్థం చెప్పగలిగిన వాడిని లోపల పర్మనెంటు చేస్తాం, చదవలేని వాడు గేటు బయట మట్టి మోయాలి అని. అన్న అయిదో తరగతితో బడి మానేసినవాడు. అప్పటికి ఇరవై నిండుతున్నాయి. నాకు పదహారు రాలేదు, పటాన్‌చెరు హైస్కూల్లో తొమ్మిది చదువుతున్నాను. కొలువు ఈడొచ్చిన అన్నకే రావాలి, కానీ మాటలు నా దగ్గర ఉన్నాయి. నాయినకు ఒక్క అక్షరం రాదు. ఇంగ్లీషు అక్షరాలన్నిటిలో ఆయన గుర్తుపట్టగలిగింది ఒక్కటే, తన రాళ్ల మీద పడ్డ కత్తెర గుర్తు. "గా గుర్తున్న మాటలు నేర్పురా వానికి. నా కండ్లతోని సూసి పట్టుకుంట. తక్కినయి రాస్తే నాకేం ఎరక, వాడు కోడిగీతలు గీస్తడు, నేను మంచిగున్నదంట" అన్నాడు నాతో. ఆయనకు తోచిన ఉపాయం అది. అందుకే మా ఇంట్లో ఇంగ్లీషు చదువు ఎక్స్ అక్షరంతో మొదలై అక్కడే తిరిగింది.

పద్ధతి ఇట్లా ఉండేది. పొద్దు గుంకే వేళ ఎడ్లకు మేత వేశాక, అన్నం తినక ముందు, అన్న పలక పట్టుకుని నాయిన ముందు కూర్చోవాలి. నేను నేర్పిన మాటల్లోంచి పది రాయాలి. నాయిన పలకను వెలుతురుకు పట్టుకుని కత్తెర గుర్తు ఎక్కడుందో వేలితో వెతికేవాడు. గుర్తు లేకపోతే అక్కడికక్కడే ఒకటి. గుర్తుంటే అన్న అర్థం చెప్పాలి. అప్పుడు నాయిన నా వైపు తిరిగేవాడు. "నిజమేనారా?" నేను తల ఊపితే సరే. ఊపకపోతే చెర్నాకోల. నన్ను ఆయన ఎన్నడూ కొట్టలేదు ఆ పలక ముందు. నా తల కదలికను బట్టి మా అన్న వీపు మీద దెబ్బ పడడమో ఆగడమో ఉండేది. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఆ అధికారం ఎట్లా ఉంటుందో నిజం చెప్పాలంటే, నాకు అది బాగుండేది. ఆ రోజుల్లోనే నేను డైరీ రాయడం మొదలుపెట్టాను. పాత నోటుబుక్కులో రోజుకొక నాలుగు వరుసలు. అందులో అన్న ఎన్ని మాటలు తప్పాడో వరుసగా రాసి ఉంది. ఎన్ని దెబ్బలు తిన్నాడో ఎక్కడా లేదు.

అన్న మొద్దు కాదు. నాగలి పట్టి, నీళ్లు కట్టి, సాయంత్రానికి చేతి వేళ్లు వంగని మనిషికి బలపం పట్టుకోవడమే కష్టం. అయినా రెండు నెలల్లో నలభై మాటల దాకా వచ్చాయి. మధ్యాహ్నం బావి దగ్గర దున్నుతూ ఎడ్లకు అప్పజెప్పేవాడు. "ఆక్స్ అంటే నువ్వేరా, తెల్సా?" అని వలపటెద్దు వీపు చరిచేవాడు. అది చూసి నా బడి స్నేహితుల ముందు నేను ఒకసారి అతన్ని వెక్కిరించాను. అన్న పలికే తీరు, నోరు వంకర తిప్పి, అచ్చంగా చేసి చూపించాను. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. అన్న బావి గట్టు దిగి వచ్చాడు. ఒక్కటి కొట్టాడు. నా పెదవి చిట్లింది, రక్తం బడి చొక్కా మీద పడింది. "నీ అంత సదువుంటే నేను గిట్ల సావకపోదును" అన్నాడు. ఆ మాటలో ఏముందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు పెదవి మంట, పిల్లల నవ్వు మాత్రమే తెలుసు.

మరునాడు పొద్దున మా బావి రాతి మీద కూడా కత్తెర గుర్తు పడింది. బావి పోదని అంతకు ముందు నోటిమాటగా చెప్పారు. నాయినతో ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, అందులో బావి కూడా ఉందట. చదివి చెప్పిన వాడు లేడు. ఆయన సాయంత్రం దాకా బావి దగ్గరే కూర్చుని, బొటనవేలి నల్లమసిని తొడకు రుద్దుకుంటూ ఉన్నాడని అవ్వ చెప్పింది. ఆ రోజు చదువు వద్దని కూడా అవ్వ అంది. నాయిన వినలేదు.

అన్న ఆ సాయంత్రం సంబరంగా ఉన్నాడు. ఆ రోజు సంగారెడ్డి గంజి మార్కెట్లో నూనె మిల్లుకు మా అవిసెలు వేసుకుని పోయినప్పుడు, గోనె సంచి మీద కత్తెర గుర్తున్న మాట కనిపించిందట. మిల్లు గుమాస్తాను అడిగి, రాయించుకుని, అర్థం తెలుసుకుని వచ్చాడు. నేను నేర్పని మాట, తానే సంపాదించుకున్నది. దాన్ని పలక మీద అన్నిటికంటే పైన రాశాడు. నాయిన గుర్తు చూశాడు. "సదువు." "ఫ్లాక్స్" అన్నాడు అన్న, నా వైపు చూసి కొంచెం నవ్వుతూ. "అంటే అవిసెలు నాయినా. మన అవిసెలు."

నాకు ఆ మాట తెలుసు. నా డిక్షనరీలో వారం కిందటే చూశాను. అవిసె మొక్క అని అక్కడే ఉంది. నేను దాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను, ఏదో ఒక రోజు అన్నకు తెలియని మాటగా వేద్దామని. నాయిన నా వైపు తిరిగాడు. "నిజమేనారా?" నా పెదవి ఇంకా ఉబ్బి ఉంది. "లేదు నాయినా. గట్ల మాటే లేదు" అన్నాను. అంతటితో ఆగితే చెర్నాకోల దెబ్బ ఒకటి పడేది, రోజూ పడేదే. నేను ఆగలేదు. "నీకు సదువు రాదని, కత్తెర గుర్తు పెట్టి ఉత్తుత్తిది రాసిండు" అన్నాను.

నాయిన లేచాడు. "నువ్వు గూడనారా! నువ్వు గూడ నన్ను గుడ్డోన్ని జేస్తవారా!" అని అరిచాడు. ఆ అరుపు అన్న మీదే కాదని ఇప్పుడు అర్థమవుతుంది. చెర్నాకోల తోలు వైపు కాదు, చేతి వైపు కట్టెతో కొట్టాడు. ఎడమ చెవి మీద. అన్న పలక ఎత్తి అడ్డం పెట్టబోయాడు, అది రెండు ముక్కలైంది. రెండో దెబ్బ కూడా అదే చోట. అన్న పక్కకు ఒరిగాడు. మూడోది ఎత్తేసరికి అవ్వ మధ్యలో పడింది. "సంపుతవా, కొలువు జేసేటోన్నే సంపుతవా!" అని ఆయన చేయి కొరికింది, నిజంగానే పళ్లు దిగేదాకా. చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి, అక్కడి నుంచి బనియను మీదికి దిగింది. అన్న ఏడవలేదు. గోడ పట్టుకుని నిలబడబోయి, నిలబడలేక, మళ్లీ కూర్చున్నాడు. ఇల్లు తిరుగుతుందన్నాడు.

పడుకున్నాక, దీపం తీసేశాక, అన్న నన్ను గొంతు తగ్గించి అడిగాడు. "అంజీ, నిజంగ లేదారా గా మాట?" అప్పుడు చెప్పి ఉండవచ్చు. నాయిన లేచి నన్ను కొట్టేవాడు, నా చెవి కూడా పోయేదేమో, కానీ అన్నీ ఆ రాత్రికే అయిపోయేవి. "లేదన్నా. గుమాస్త నీతోని పరాచికాలాడిండు" అన్నాను. మరునాడు నోటుబుక్కులో ఒకటే వరుస రాశాను. అన్నకు దెబ్బ తగిలింది అని. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో లేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తర్వాతివి చకచకా జరిగాయి. అవ్వ కాచి పోసిన వెల్లుల్లి నూనెతో చెవి చీము పట్టింది. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో పొర చినిగిపోయింది, ఇక వినపడదన్నారు. కాస్త తేరుకున్నాక అన్న మొదట చేసిన పని నూనె మిల్లుకు పోవడం. గుమాస్తా నోరు తెరిచేలోపే పళ్లు రాలేట్టు కొట్టాడు. మిల్లు హమాలీలు అన్నను సంచులెత్తే కొక్కేల వెనక వైపుతో కొట్టి రోడ్డు మీద పడేశారు. ఆ ముసలి గుమాస్తా చేసిన తప్పు ఒక పల్లెటూరి మనిషికి సరైన అర్థం చెప్పడం. ఫ్యాక్టరీ డాక్టరు అన్న చెవి దగ్గర గడియారం పెట్టి చూసి, సైరన్ వినపడని వాడు లోపల పనికిరాడన్నాడు. మా ఇంటి కొలువు నేను పది పాసై, ఈడు వచ్చాక నాకు వచ్చింది. డ్రమ్ముల స్టోర్లో చేరి అక్కడే రిటైరయ్యాను. నా ఇల్లు, నా పిల్లల చదువులు, నా పెన్షను అన్నీ ఆ కొలువువే.

అన్న ఆ ఏడాదే ఇల్లు విడిచాడు. లారీ క్లీనరుగా పోయి డ్రైవరయ్యాడు. అవ్వ కోసం వచ్చేవాడు, గడప బయట కూర్చుని తినేవాడు, నాయినతో మాత్రం మాట కలపలేదు. నాయిన ఆ తర్వాత ఎవరినీ కొట్టలేదు. ఎడ్లు అమ్మేశాక చెర్నాకోల కూడా పొయ్యిలో పెట్టాడు. కానీ ఎవరైనా అడిగితే "దొంగ రాత రాసిండని కొట్టిన. కొట్టుడు తప్పే, వాడు జేసింది గూడ తప్పే" అనేవాడు. చివరిదాకా ఆయన నమ్మింది అదే. ఆయన పోయిన రోజు అన్న లారీ రోడ్డు మీద ఆపి వచ్చాడు. పెద్దకొడుకు తలకొరివి పట్టాలి. ఊరంతా బతిమాలింది. "ఒక్క మాట తప్పినందుకు చెవు తీసి, పైనుంచి దొంగ అన్నోనికి నేను నిప్పు వెట్ట" అన్నాడు. నిప్పు కుండ నేను ఎత్తుకున్నాను. నిప్పు నేను పెట్టాను. అప్పటి నుంచి ఏటా పెత్తరమాసనాడు, అంటే మహాలయ అమావాస్యకు, పెద్దల పేర పంతులుకు బియ్యం ఇచ్చేటప్పుడు అన్న అవ్వ పేర మాత్రమే ఇస్తాడు. నాయిన పేర నేను ఇస్తూ వచ్చాను.

ఇప్పుడు కిష్టారెడ్డిపేట ఫ్లాటు సంగతి. నేను చెప్పిన మాటలన్నీ సింధు ఫోనులో వేసి చూసింది, అక్షరాలు కుదరలేదు. తప్పు మాట వేసినప్పుడల్లా ఫోను కొంచెం వణుకుతుంది, ఒక చిన్న చప్పుడు చేస్తుంది, అంతే. మళ్లీ వేసుకోవచ్చు. ఆ పిల్ల మీద ఈ ఇంట్లో ఇంతవరకు చేయి లేవలేదు. పటాన్‌చెరు పల్లెల్లో పెరిగిన మా తరానికి దెబ్బ లేకుండా అక్షరం వస్తుందని తెలియదు. అప్పటితో పోలిస్తే ఇప్పటి పిల్లలు అదృష్టవంతులని రాయబోయి ఆగాను. అప్పుడు కూడా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నష్టం చేసింది చెర్నాకోల కాదు, పలక ముందు ఒక్క దెబ్బా తినని నేను.

సింధు లేచి టీపాయ్ మీది ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పింది. అన్న తింటున్న గింజలు అందులోవే, డాక్టరు చెప్పాడని కోడలు తెచ్చిపెట్టింది. "దొరికింది! ఎఫ్, ఎల్, ఏ, ఎక్స్. ఫ్లాక్స్! తాతా, నీ అవిసెలే నాకు ముప్పై పాయింట్లు ఇచ్చినయి!" అని చప్పట్లు కొట్టింది.

అన్న చేతిలో చెంచా ఆగింది. కుడి చెవి పిల్ల వైపు తిప్పాడు. "ఏమన్నవ్ బిడ్డా? మల్ల అను."

"ఫ్లాక్స్. అవిసె గింజలు. గిదిగో, మీద రాసుంది సూడు."

"గా మాట ఉన్నదా?"

"ఉన్నది తాతా. ఉంటెనే గద పాయింట్లు ఇచ్చేది."

అన్న ప్యాకెట్టు తీసుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చివరి దాకా పోయి, చివరి దాని మీద వేలు ఆపాడు. నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నాకు తప్పించుకునే దారి ఇవ్వబోతున్నాడని అర్థమైంది, అదే భరించలేకపోయాను. "నీకు గప్పుడు తెల్వదు గదరా అంజీ" అన్నాడు. "పొల్లగానివి. గంత సిన్న డిక్షనరీల అన్ని మాటలు యాడుంటయి."

అవును అంటే అయిపోయేది. స్టెంటు వేసిన గుండె, డెబ్బై దాటిన మనిషి, పక్కన పసిపిల్ల, చెప్పకపోవడానికి కారణాలకు కొదవ లేదు. కానీ తెలియదంటే, ఒక్క మాట తప్పిందని చెవి పగలగొట్టినవాడిగా నాయిన అట్లాగే ఉండిపోతాడు, నేను మూడోసారి అబద్ధం ఆడినవాడినవుతాను. "తెలుసన్నా" అన్నాను. "గా మాట ఉన్నదని తెలుసు. నువ్వు బాయికాడ కొట్టినవని కోపముండె. తెలిసి తెలిసే, ఉత్తగ రాసిండని ఎక్కించిన నాయినకు. నాయిన నిన్ను కొట్టింది నా మాట మీద."

సింధుకు ఏమీ అర్థం కాలేదు. అన్న నెమ్మదిగా గిన్నె కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను, అతను పడిపోతాడేమోనని. అప్పుడు కొట్టాడు. లారీ స్టీరింగు తిప్పిన చేయి, ఇంకా అంత బలం ఉందని అనుకోలేదు. నా కళ్లద్దాలు టీవీ కిందికి పోయాయి. రెండోసారి కొట్టాడు. సింధు కేకపెట్టింది, వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. "మామా, గిదేంది! మామా, గుండె!" అని అతని చేయి పట్టుకుంది. అన్న ఆమెను చూడడం లేదు. రొప్పుతున్నాడు.

"చెవు పోతె పోయింది" అన్నాడు. "కొలువు పోతె పోయింది. లారీ తోలుకొని బతికిన. నాయినకు నిప్పు వెట్టలే గదరా నేను! నీ మాట వట్టుకొని, కన్న తండ్రిని కుక్కను సూసినట్టు సూసిన గదరా! గడప బయట కూసొని తిన్న. లోపటికి రారా మల్లేశా అని ఎన్నిసార్లు పిలిసిండో నీకు ఎరుకేనా? ఒక చెవు ఇనపడకున్నా ఇంకో చెవు ఇనపడే. ఇనపడనట్టు తిన్న."

నేను క్షమించమనలేదు. "పో" అన్నాడు. కోడలు కళ్లద్దాలు తెచ్చి నా చేతిలో పెట్టింది, ఒక అద్దం పగిలింది. మెట్లు దిగుతుంటే పైనుంచి సింధు ఏడుపు వినిపించింది. "తాత ఎందుకు కొట్టిండు మమ్మీ, చిన్నతాత ఏం జేసిండు?" అని అడుగుతోంది.

తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా అన్న ఎత్తలేదు. అతని కొడుకు ఎత్తి, బాగానే ఉన్నాడు కాకా, ఇప్పుడు మాట్లాడనంటున్నాడు అనేవాడు. చెంప వాపు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ నాలుగు రోజులు నాకు ఒక విధంగా తేలికగానే ఉందని రాసుకున్నాను.

పెత్తరమాసనాడు ఎప్పటిలాగే సంగారెడ్డి నుంచి ఊరికి వెళ్లాను. మా పంతులు ఇంటి అరుగు మీద కూర్చుని అందరి బియ్యం తీసుకుంటాడు. పళ్లెంలో బియ్యం, పప్పు, బీరకాయ, చింతపండు, చిన్న గిన్నెలో నెయ్యి సర్దుకుని నా వంతు కోసం నిలబడ్డాను. ఫ్యాక్టరీలకు పోయే లారీలు అరుగు ముందే పోతుంటే పంతులు ప్రతిసారీ మంత్రం ఆపి, అవి పోయాక మళ్లీ అందుకుంటున్నాడు. నా ముందు ఆరేడుగురున్నారు. వాళ్లలో అందరికంటే ముందు, పంతులు ఎదురుగా పీట మీద, కొత్త పంచె కట్టుకుని అన్న కూర్చుని ఉన్నాడు. పక్కన అతని కొడుకు. అవ్వ పేర ఒక పళ్లెం అప్పటికే ఇచ్చేశాడు. పంతులు దాన్ని పక్కకు జరుపుకుని, "అయినట్టేనా మల్లేశం?" అన్నాడు.

"కాలే" అన్నాడు అన్న. కొడుకు సంచిలోంచి రెండో పళ్లెం తీశాడు.

"ఎవరి పేర?"

"ఎల్లయ్య. నా తండ్రి." చెవిటి మనుషులు మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు. అరుగు కింద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. పంతులు ఒక క్షణం అతని ముఖం చూసి, నీళ్లు వదలమని చెంబు అందించాడు. అన్న వదిలాడు. నీళ్లు పళ్లెంలోనూ, పంచె మీదా పడ్డాయి. లేచి, కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగి, నా ముందు నుంచే పోయాడు. నన్ను చూశాడు. ఆగలేదు.

నా వంతు వచ్చింది. పళ్లెం ముందు పెట్టి నాయిన పేరు చెప్పబోయాను. "మీ నాయినకు ఇచ్చిండు గద అంజయ్యా, మీ అన్న" అన్నాడు పంతులు. "ఇగ మీదట ఏటేట తనే ఇస్తడట. పెద్దకొడుకు ఇయ్యంగ నువ్వు మల్ల ఇచ్చుడు ఎందుకు? తీస్కపో." ఆయన చెడుగా అనలేదు, ఉన్న పద్ధతే చెప్పాడు. నేను పళ్లెం ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. మా ఆవిడ సత్తెమ్మ తలుపు తీసి నా చేతిలోని పళ్లెం చూసింది. "గిదేంది, మల్ల తెచ్చినవ్? పంతులు లేడా?"

"ఉన్నడు. అన్న ఇచ్చిండు."

ఆమె పళ్లెం తీసుకుని లోపలికి పోయి, బీరకాయలు పక్కన పెట్టి, బియ్యం చేత్తో ఊడ్చి మళ్లీ డబ్బాలో పోసింది.